ఊరు లేని పగ

మలయాళం సినిమా అంటే మనలో నాలుగు పుస్తకాలు చదివే అలవాటున్న వాళ్ళకి ఒక భక్తి ఉంది. ‘వాళ్ళది సినిమా అండి, మనది తిరునాళ్ళు’ అనే మాట ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. బళ్ళారిలో విన్నాను, బరంపురంలో విన్నాను, మద్రాసులో తెలుగు సభ జరిగితే కాఫీల దగ్గర విన్నాను. ఆ మాట అన్నవాళ్ళే 2025 జనవరి 1న తెలుగు మాటలతో మన ముందుకొచ్చిన ‘మార్కో’ చూసి కిక్కురుమనలేదు. కొందరు ‘ఏం తీశాడండీ, ఇంగ్లీషు వాళ్ళు కూడా పనికిరారు’ అన్నారు. ఇంకొందరు ‘అది అసలు మలయాళం సినిమాయే కాదు లెండి, దాన్ని లెక్కలో వేయకండి’ అని పక్కకి తప్పుకున్నారు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

చూడని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. కేరళలో 2024 డిసెంబరు 20న విడుదలైంది. దర్శకుడు హనీఫ్ అదేని, నాయకుడు ఉన్ని ముకుందన్. బంగారం వ్యాపారం చేసే బాగా కలిగిన కుటుంబం. ఆ ఇంట పెరిగిన దత్తపుత్రుడు మార్కో. చూపులేని తమ్ముణ్ణి శత్రువులు చంపుతారు. అన్న వేట మొదలుపెడతాడు. ఆ వేటకి బదులుగా శత్రువు ఇంటిమీద పడి, ముసలీ ముతకా పిల్లా జెల్లా అని చూడకుండా, చూలాలిని కూడా వదలకుండా చంపుతాడు. ఆ తర్వాత మిగిలిన పని నాయకుడు పూర్తి చేస్తాడు. ఆ దృశ్యాలు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయను. రాస్తే నేనూ అదే సరుకు తూచి అమ్మినవాణ్ణవుతాను. ఈ దేశంలో ఇంత హింసతో సినిమా ఇంతవరకు రాలేదన్నదే దాని ప్రచారం. కిరాణా కొట్టువాడు ‘మా బియ్యంలో రాళ్ళెక్కువ’ అని బోర్డు కడితే జనం సంచులు పట్టుకుని వరస కట్టినట్టుంది. వంద కోట్లు దాటిందని వాళ్ళే చెప్పుకున్నారు.

టీవీలో వేసుకుంటామని అడిగితే సెన్సారు బోర్డు ఒప్పుకోలేదు. ‘ఎ’ సర్టిఫికెట్టు సినిమాని టీవీలో వేయాలంటే కత్తిరించి కిందిరకం సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. దీన్ని ఎంత కత్తిరించినా ఆ కింది మెట్టుకి దిగదని బోర్డు వారి అభిప్రాయం. బాగానే ఉంది. కాని అప్పటికే ఫిబ్రవరి 14 నుంచి, అదీ ప్రేమికుల రోజు చూసుకుని మరీ, అది ఓటీటీలో ఉంది. అంటే ఇంటింటా పిల్లవాడి చేతిలోని ఫోనులో ఉంది. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టడం కాదా ఇది?

అయితే నా పేచీ రక్తంతో కాదు. గోదావరి జిల్లాల పక్కన సంక్రాంతికి కోడిపందేలు చూస్తూ పెరిగినవాణ్ణి, రక్తం చూస్తే కళ్ళు తిరిగే రకం కాదు. నా పేచీ ఏమిటంటే, ఆ పగకి ఊరు లేదు. ఆ మనుషులు ఏ వీధిలో ఉంటారు? పక్కింటి వాళ్ళెవరు? ఇంటినుంచి అన్ని శవాలు లేస్తే పొద్దున్నే వచ్చిన పాలవాడు ఏమన్నాడు? పోలీసు స్టేషను ఎంత దూరం? పాడె ఎవరు మోశారు? ఏదీ తెలియదు. నల్లకోటు, చుట్ట, పొగ, పెద్ద బంగళా. అది త్రిశ్శూరైనా ఒకటే, ఇటలీ అయినా ఒకటే. మనుషులు గాలిలోంచి ఊడిపడతారు, నరకబడతారు, మళ్ళీ గాలిలో కలిసిపోతారు.

దీన్ని పట్టుకుని ఇంత బాధపడటానికి నాకో కారణం ఉంది. నాది యానాం. పుదుచ్చేరి ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. మ్యాపు చూడని వాళ్ళకి చెప్పాలి. పుదుచ్చేరి అంటే నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళ దేశంలో ఉంటాయి, మా యానాం గోదావరి ఒడ్డున ఉంటుంది, మాహే అక్కడ పడమటి సముద్రపుటొడ్డున కేరళ మధ్యలో ఉంటుంది. ఫ్రెంచివాడు పోతూపోతూ మమ్మల్నందర్నీ ఒక్క తాడుకి కట్టిపోయాడు. అందుకని గౌతమి నీళ్ళు తాగినవాణ్ణి మయ్యళి ఒడ్డుకి బదిలీ చేయడం సర్కారువారికి ఒక్క కాగితం పని. చేశారు. 1997 నుంచి నాలుగేళ్ళు మాహేలో ఉన్నాను. తొమ్మిది చదరపు కిలోమీటర్ల ఊరు. ఉత్తరాన తలశ్శేరి, దక్షిణాన వడకర. ఏ సినిమాకి వెళ్ళాలన్నా ఈ రెండింట్లో ఒక ఊరికి బస్సెక్కడమే. మలయాళం అలా వచ్చింది నాకు. కొంత ఆఫీసులో, కొంత చేపల బజారులో, మిగతాది సినిమా హాల్లో.

ఆ ప్రాంతాన్ని ఆనుకుని కణ్ణూరు జిల్లా ఉంటుంది. కణ్ణూరు పగ గురించి చెప్పకుండా మలయాళ సినిమా పగ గురించి మాట్లాడటం, రాచపుండుని వదిలి పైన రాసిన పసుపు గురించి మాట్లాడినట్టుంటుంది. అక్కడ ఒక పక్క మార్క్సిస్టు పార్టీ, ఇంకొక పక్క ఆరెస్సెస్. దశాబ్దాలుగా ఇటునుంచి ఒకడు, అటునుంచి ఒకడు. నేనక్కడ ఉండగానే, 1999 డిసెంబరు 1న, పానూరు దగ్గర మొకేరిలో కె.టి. జయకృష్ణన్ అనే బడిపంతుల్ని, ఆయన యువమోర్చా నాయకుడు కూడా, తరగతి గదిలో పిల్లల కళ్ళముందే నరికి చంపారు. ఆ మర్నాడు మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాకన్నా పదేళ్ళు పెద్దాయన ఒకాయన ఉండేవారు, అక్కడి అలవాటు ప్రకారం ‘ఏట్టా’ అని పిలిచేవాణ్ణి. ఆయన ఫైలు మీంచి తల ఎత్తకుండా ‘ఇక అటునుంచి ఒకటి రావాలి, లెక్క సరిపోలేదు కదా’ అన్నారు. కసిగా అనలేదు. చిల్లర బాకీ గురించి అన్నట్టు అన్నారు.

అక్కడ మార్క్సిస్టులు తమ పార్టీలో చనిపోయిన వాణ్ణి ‘రక్తసాక్షి’ అంటారు. అవతలివాళ్ళు తమవాణ్ణి ‘బలిదాని’ అంటారు. మాటలు వేరు, మండపాల సున్నం వేరు, జెండా రంగు వేరు, లోపలున్న పటంలోని కుర్రాడి వయసు మాత్రం ఇంచుమించు ఒకటే. తుప్పల్లో దొరికిన స్టీలు డబ్బాని ఆటవస్తువనుకుని ముట్టుకుని గాయపడ్డ పిల్లల గురించి ఆ పేపర్లలో చదవడం కొత్త కాదు. డబ్బాలో ఉన్నది నాటు బాంబు. 2018 మే 7 రాత్రి మాహేలోనే ఒక పార్టీ మనిషిని చంపారు, ఆ రాత్రే పక్కనున్న న్యూమాహేలో అవతలి మనిషిని చంపారు. అప్పటికి నేను యానాం వచ్చేశాను. వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ‘లెక్క’.

ఇంకొకటి. 2012 మే 4న వడకర దగ్గర ఒంచియంలో టి.పి. చంద్రశేఖరన్‌ని చంపారు. మార్క్సిస్టు పార్టీ నుంచి విడిపోయి వేరే పార్టీ పెట్టుకున్న మనిషి. ఆ శరీరం మీద 51 గాయాలు లెక్కించారు. అప్పటినుంచి మలయాళంలో ‘అంబత్తొన్ను వెట్టు’ అంటే ఇంక వేరే వివరం అక్కర్లేదు. వెట్టు అంటే మన వేటే. యాభై ఒక్క వేట్లు. ఆ 51 అనే అంకెకి ఊరుంది, తేదీ ఉంది, కోర్టు తీర్పు ఉంది, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ఉంది. ఆ ఆడమనిషి కె.కె. రమ 2021లో అదే వడకర నుంచి గెలిచి, భర్త బొమ్మ ఉన్న బ్యాడ్జి పెట్టుకుని శాసనసభలో ప్రమాణం చేసింది. ‘మార్కో’లో ఎన్ని వేట్లు? లెక్కపెట్టినవాడు లేడు. లెక్కపెట్టవలసిన అవసరం ఎవరికీ కలగకపోవడమే ఆ సినిమా సాధించింది.

‘అది మలయాళం సినిమాయే కాదు’ అనేవారికి ఇప్పుడు జవాబు. కాదనడానికి వీల్లేదు. మీసం మెలేసే జమీందారీ కథానాయకుడు వాళ్ళకీ ఉన్నాడు. 1993లో ‘దేవాసురం’, 2000లో ‘నరసింహం’ చూసినవాళ్ళకి ఆ పంచె ఎగ్గట్టడం, కాలెత్తి తన్నడం, హాలంతా ఈలలు తెలుసు. సురేష్ గోపి ‘కమిషనర్’ 1994లో వచ్చి, తెలుగులోనూ ఆడింది. మలయాళీలు నేతి దీపాల వెలుగులో ఆదూర్ గోపాలకృష్ణన్ సినిమాలు చూస్తూ కూర్చుంటారని మనవాళ్ళు ఊహించుకుంటే, అది మనవాళ్ళ అమాయకత్వం.

కాని ఆ సినిమాకి ఇంకొక గుణం ఉండేది. పగని మోసినవాడి వెన్ను వంగిపోవడం చూపించేది. 1989లో వచ్చిన ‘కిరీటం’ తీసుకోండి. లోహితదాస్ రాశాడు, సిబి మలయిల్ తీశాడు. కానిస్టేబులు తండ్రికి కొడుకు ఎస్సై కావాలని ఆశ. బజారులో తండ్రిని రౌడీ కొడుతుంటే కొడుకు అడ్డంపడి ఆ రౌడీని కొడతాడు. అంతే, ఊరు వాడి నెత్తిన కిరీటం పెడుతుంది, రౌడీ అనే కిరీటం. వద్దంటే దిగదు. పెళ్ళి చెడుతుంది, ఇల్లు చెడుతుంది. చివర రౌడీని పొడిచి చంపిన కొడుకుని కత్తి పారెయ్యరా అని తండ్రి బతిమాలతాడు. ఆఖరికి, తన కొడుకు పోలీసు ఉద్యోగానికి పనికిరాడని ఆ తండ్రి నోటితోనే చెప్పవలసి వస్తుంది. శత్రువు చచ్చాడు కదా అని హాల్లో ఒక్కడు ఈల వేస్తే ఒట్టు. మోహన్‌లాల్, తిలకన్ ఆ మాట ఈ మాట లేకుండా మనిషిని కూర్చోబెట్టేస్తారు. మనవాళ్ళు కూడా దీన్ని 1990లో ‘రౌడీయిజం నశించాలి’ అని తీసుకున్నారు. పేరులోనే తేడా చూడండి. వాళ్ళు కిరీటం అన్నారు, మనం నినాదం చేశాం.

అదే 1989లో ‘ఒరు వడక్కన్ వీరగాథ’. మా మాహే పక్కనున్న వడకర ప్రాంతమే పూర్వపు కడత్తనాడు. అక్కడి వీరగీతాలు వడక్కన్ పాట్టులు, మన పల్నాటి కథలాంటివి. అందులో చంతు అంటే ద్రోహి, మారుమాట లేదు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఆ చంతు పక్కన కూర్చుని, ‘నీ కథ నువ్వు చెప్పు’ అన్నాడు. తరాలుగా పాడుకుంటున్న పగని తిరగేసి చూపాడు. పగలో రెండోవాడికి కూడా నోరుంటుందని చెప్పడం కన్నా పెద్ద సాహసం కత్తియుద్ధంలో ఏముంది? ఆ సినిమాని 2025 ఫిబ్రవరిలో కొత్తగా శుభ్రంచేసి మళ్ళీ హాళ్ళలో వేశారు. ఎం.టి. మాత్రం చూడలేదు. ‘మార్కో’ విడుదలైన అయిదో రోజున, 2024 డిసెంబరు 25న, ఆయన కన్నుమూశారు.

ఇక 2016లో ‘మహేషింటె ప్రతికారం’. పేరులోనే ప్రతీకారం ఉంది, సినిమాలో ఒక్క హత్య లేదు. ఇడుక్కిలో ఫొటో స్టూడియో కుర్రాణ్ణి నలుగురిలో కొడతారు, లుంగీ ఊడుతుంది. తిరిగి కొట్టేదాకా చెప్పులేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. కొట్టినవాడు దుబాయి పోయాడు. ఏం చేస్తాడు పాపం, ఉత్తికాళ్ళతో తిరుగుతూ ఉంటాడు. దీన్నే మనవాళ్ళు అరకు తీసుకెళ్ళి 2020లో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ చేశారు, చెడగొట్టకుండా చేశారు. ఉత్తికాళ్ళ పగ. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. మన పగలన్నీ నిజానికి ఆ కొలతవే కదా. ఎవడో నలుగురిలో ఓ మాట అన్నాడు, పెళ్ళిలో ముందు వడ్డించలేదు, గట్టు అరడుగు జరిపాడు.

ఆ నేల మీదే తెయ్యం ఉంది. అక్టోబరు ఆఖరు నుంచి మేదాకా కావుల్లో రాత్రంతా ఆడతారు. ఆ దేవుళ్ళలో ఎందరో అన్యాయంగా చచ్చిన మనుషులే. నీలేశ్వరం వైపు పాలంతాయి కణ్ణన్ కథ చెప్తారు. పశువులు కాసే కుర్రాడు, మామిడిపండు దగ్గర మొదలైన తగువులో దొర కోపానికి గురై మంగుళూరు పారిపోయాడు. ఏళ్ళ తర్వాత తిరిగొస్తే దొర నరికేశాడు. తర్వాత ఆ దొరే, ఇంట్లో అరిష్టాలకి తట్టుకోలేక, ఆ కుర్రాడు కొలిచిన విష్ణుమూర్తికి తెయ్యం కట్టించవలసి వచ్చింది. అక్కడ చచ్చినవాడు గుడికెక్కాడు, చంపినవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ‘మార్కో’లో చంపినవాడికే పాలాభిషేకం.

‘భారతంలో లేదా హింస?’ అని అడుగుతారు. ఉంది. సౌప్తికపర్వంలో అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి నిద్రపోతున్న వాళ్ళని చంపినంత ఘోరం ఏ సినిమావాడూ తీయలేడు. మన తిక్కన దాన్ని తెలుగు చేయడానికి వెనకాడలేదు. కాని అది పదో పర్వం. పదకొండోది ఏమిటి? స్త్రీపర్వం. గాంధారి యుద్ధభూమిలో నడుస్తుంది. ఒక్కొక్క శవం దగ్గర ఒక్కొక్క ఆడది. ఏ చెయ్యి ఎవరిదో పోల్చుకుంటారు. వ్యాసుడు ఆ పర్వం ఎగరగొట్టలేదు, తిక్కనా ఎగరగొట్టలేదు. పోతన దగ్గరికొస్తే, అయిదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న ద్రౌపది, కట్టి తెచ్చి ముందు పడేసిన అశ్వత్థామని చూసి, నేను ఏడ్చినట్టు ఇతని తల్లి ఏడవకూడదు, వదిలేయండి అంటుంది. బళ్ళో చదువుకున్న తెలుగువాడెవడికైనా తెలిసిన ఘట్టం. భారతాన్ని సాక్ష్యానికి పిలిచేవాళ్ళు దాన్ని పదో పర్వం దగ్గర మూసేయకుండా ఇంకొక్క పర్వం చదివి రండి.

ఇప్పుడు అవతలి పక్క వాళ్ళ సంగతి. 2025 ఫిబ్రవరి 24న తిరువనంతపురం జిల్లా వెంజారమూడులో 23 ఏళ్ళ కుర్రాడు సొంతవాళ్ళని అయిదుగురిని చంపాడు. దేశం ఉలిక్కిపడింది. మార్చి మొదట్లో కేరళ శాసనసభలో కుర్రాళ్ళ హింస మీద, మత్తుమందుల మీద చర్చ. సినిమాలదే తప్పన్న మాట అక్కడ గట్టిగా వినిపించింది, ‘మార్కో’ పేరు ఊరంతా మోగింది. నిర్మాత ఇకమీదట ఇలాంటివి తీయనన్నాడు. అందరూ ఒక నిట్టూర్పు విడిచారు, దొంగ దొరికాడన్నట్టు.

నేను దీన్ని ఒప్పుకోను. వెంజారమూడు కుర్రాడి వెనక అప్పులున్నాయని పోలీసులే చెప్పారు. మొకేరి బడిలోకి కత్తులతో వెళ్ళినవాళ్ళు 1999లో ఏ ‘మార్కో’ చూసి వెళ్ళారు? ఒంచియంలో 51 వేట్లు వేసినవాళ్ళకి ఏ దర్శకుడు నేర్పాడు? రక్తసాక్షి మండపాలకి సున్నాలేయించే పార్టీలు, బలిదానుల పటాలకి దండలేసే పార్టీలు సభలో లేచి హింసకి సినిమా కారణమంటే, ఆ సభలోనే రమ సభ్యురాలిగా ఉందన్న సంగతి ఒక్కరికైనా గుర్తొచ్చిందో లేదో. సినిమా చూసి మనిషి హంతకుడవుతాడని నేను నమ్మను. నమ్మనవసరం కూడా లేదు. సినిమా అంతకన్నా నెమ్మదైన పని చేస్తుంది. నిజంగా పగ ఉన్న చోట, ఆ పగకున్న ఊరూ పేరూ కడిగేసి, దాన్ని అత్తరులా సీసాలో పోసి అమ్ముతుంది. అప్పుడది ఎవరిదీ కాదు కాబట్టి అందరూ పూసుకోవచ్చు.

ఇది ఊరికే అనడం లేదు. ‘మార్కో’ తర్వాత మూడు నెలలకి, 2025 మార్చి 27న, ‘ఎంపురాన్’ వచ్చింది. మోహన్‌లాల్ నాయకుడు, పృథ్వీరాజ్ దర్శకుడు. కథ మొదట్లో 2002 గుజరాత్ అల్లర్లని గుర్తుచేసే హింస ఉంది. సినిమా గొప్పదా కాదా అనేది వేరే విషయం. నాకైతే సాగదీసినట్టనిపించింది. కాని నాలుగు రోజులు తిరక్కుండా గొడవ లేచింది, తీసినవాళ్ళే తిరిగి సెన్సారుకి వెళ్ళి రెండు నిమిషాల చిల్లర కత్తిరించుకున్నారు, విలను పేరు మార్చుకున్నారు. నిండు చూలాలి మీద చేసిన దారుణం హాల్లో నిక్షేపంగా ఆడింది, ఊరూ సంవత్సరమూ చెప్పిన హింసకి మాత్రం కత్తెర పడింది. మన నిర్మాతలు తెలివితక్కువ వాళ్ళా? పాఠం ఎక్కించుకున్నారు. ఎంతమందినైనా నరకొచ్చు, ఎక్కడ నరుకుతున్నావో చెప్పకపోతే చాలు.

ఈ పాఠం మలయాళీలకి ఎవరు నేర్పారంటే, మన వాకిలి కూడా ఊడ్చుకోవాలి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. సుమోలు గాలిలోకి లేచాయి, కొడవళ్ళు లేచాయి, తొడలు చరుచుకున్నారు. ‘వాటికి ఊరుంది కదా, కడప అనో కర్నూలనో చెప్పారు కదా’ అని నన్ను ఇరకాటంలో పెట్టొచ్చు. కవరు మీద చిరునామా ఉంటే చాలదండి, పోస్టుమాను వెళ్తే ఆ ఇల్లు అక్కడ ఉండాలి. సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి కథల్లో సీమ కరువుంది, ఎండిన బావి ఉంది, ఫ్యాక్షన్లో మొగుడు పోయిన ఇల్లాలి ముఖం ఉంది. సినిమావాళ్ళు సీమ పేరు తీసుకున్నారు, సీమని వదిలేశారు. అన్యాయం జరుగుతోందని సీమవాళ్ళు మొత్తుకుంటే కోస్తావాళ్ళం, మేము కూడా అందులోనే, టిక్కెట్ల కోసం వరసలో నిలబడి ఉన్నాం. ఆ తర్వాత ఆ అబద్ధపు చిరునామా కూడా బరువనిపించింది. 2018లో, 2022లో కన్నడం నుంచి ‘కేజీఎఫ్’ వచ్చింది, 2023లో మన వరంగల్లు సందీప్ రెడ్డి వంగా హిందీలో ‘యానిమల్’ తీశాడు, ఆ సంవత్సరమే ‘సలార్’. దేశమంతా ఆడాలంటే ఏ దేశానిదీ కాకూడదన్నది సూత్రం. ‘మార్కో’కి వాయించింది కూడా ‘కేజీఎఫ్’కి వాయించిన రవి బస్రూరే. మలయాళీ ఇన్నాళ్ళూ చిన్న మార్కెట్టు కావడం వల్ల చిన్న ఊళ్ళ కథలు చెప్పుకున్నాడు. పెద్ద మార్కెట్టు రుచి చూపించింది మనమే. 2025 మే 1న మన నాని ‘హిట్ 3’ కూడా అదే తోవలో, పిల్లల్ని తీసుకురాకండని చెప్పి మరీ వచ్చింది. బాకీ వడ్డీతో తిరిగొచ్చిందన్నమాట.

ఇందులో మన బోటివాళ్ళకి ఒక సొంత నష్టం ఉంది. హొసూరులోనో షోలాపూరులోనో ఉన్న పిల్లవాడికి బళ్ళో తెలుగు లేదు. ఇంట్లో నాన్నమ్మ పోయాక కథ చెప్పేవాళ్ళు లేరు. వాడి చెవిన పడే తెలుగులో సగం డబ్బింగు తెలుగు. మాతృభాషలో వాడికి ‘నరుకుతా’కి పది పర్యాయపదాలు వస్తాయి. ‘పరామర్శ’ అంటే అర్థం అడుగుతాడు. చచ్చినవాళ్ళింటికి వెళ్ళి ఏం మాట్లాడాలో ఆ సినిమాల్లో ఎవరూ మాట్లాడరు కదా, వాడికెలా వస్తుంది?

నిషేధించమని అడగడం లేదు. నిషేధం అడిగితే మొదట ఊడేది ‘మార్కో’ కాదు, ‘ఈడ’. 2018లో బి. అజిత్‌కుమార్ తీసిన సినిమా. కణ్ణూరులో రెండు పార్టీల ఇళ్ళ పిల్లలు ప్రేమించుకున్న కథ. ఈడ అంటే కణ్ణూరు యాసలో ఇక్కడ అని. మన సీమలో, తెలంగాణలో ఈడ అంటే ఏమిటో అచ్చం అదే. పగ ఎక్కడ జరుగుతోందంటే, ఈడ. ఒక్క మాటలో చిరునామా చెప్పాడు ఆయన.

ఇంకొకటి ‘పక’. పక అంటే మన పగే, ఒక్క అక్షరం ఒత్తి పలకడంలో తేడా. 2021లో నితిన్ లూకోస్ తీశాడు, వయనాడులో రెండు కుటుంబాల కథ. ఊరి నది తరాలుగా శవాల్ని మోస్తూ ఉంటుంది. వాటిని వెతికి తీయడానికి నదిలో మునిగే మనిషొకడు ఉంటాడు. చీకటి గదిలో మంచాన పడిన ముసలమ్మ పాత పగని చల్లారనివ్వదు. చంపడం ఎక్కువసేపు చూపించడు. శవం కోసం ఒడ్డున జనం ఎదురుచూడటం చూపిస్తాడు. ఆ ఎదురుచూపు భరించడం కష్టం. గోదావరి వరదల్లో పడవ తిరగబడితే ఒడ్డున నిలబడ్డవాళ్ళకి అది తెలుసు. ఈ సినిమా నిర్మాతల్లో ఒకరు మన రాజ్ రాచకొండ, ‘మల్లేశం’ తీసినాయన. ఆ ‘మల్లేశం’కి శబ్దం సమకూర్చిన మనిషే ఈ నితిన్ లూకోస్. తెలుగు డబ్బు మలయాళ పగ మీద ఇలా కూడా ఖర్చయింది. వంద కోట్ల వార్త తెలిసినవాళ్ళలో ఎంతమందికి ఈ వార్త తెలుసు?

ఈ వ్యాసం మీద ఉత్తరాలు వస్తాయని తెలుసు. రాయండి, సంతోషమే. అభిమానులు తిట్టినా సరే. కాని రాసే ముందు ఒక్క పని చేయండి. ‘మార్కో’లో చచ్చినవాళ్ళ పేర్లు, నాయకుడి తమ్ముడి పేరు కాకుండా, సినిమా మళ్ళీ పెట్టి చూడకుండా, ఒక అయిదు రాసి పంపండి. పక్కన వాళ్ళ అమ్మ పేరు కూడా రాయగలిగితే మరీ మంచిది.